మిగులు వేరు, ఎంగిలి వేరు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



అన్నం పరబ్రహ్మ స్వరూపమని మనకు చిన్ననాడే నేర్పారు. మెతుకు కింద పడితే కళ్ళకద్దుకుని తీసే అలవాటు మన అమ్మమ్మల నాటినుంచీ ఉంది. అయినా రాత్రి పూట గిన్నెలు కడగబోయే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. అడుగున మిగిలిన కూర, పిల్లలు వదిలేసిన అన్నం, ఫ్రిజ్‌లో వెనక్కి జరిగిపోయి మూడు రోజులకు కనిపించిన పప్పు – ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయి? చెత్త బండిలోకే కదండీ!

ఇంట్లో సంగతి ఇలా ఉంటే, ఇక హోటళ్ళు, బేకరీలు, మిఠాయి అంగళ్ళ సంగతి చెప్పేదేముంది? ఇలా మిగిలిపోయే పదార్థాలను పారేయకుండా, ఫోనులోని ఆప్‌ల ద్వారా తక్కువ ధరకు అమ్మే పద్ధతి ఒకటి వచ్చింది. అదేమిటి, ఎలా పని చేస్తుంది, మార్కాపురం, గిద్దలూరు, కంభం లాంటి ఊళ్ళలో ఉండే మనకు దానివల్ల ఒరిగేదేమిటి, ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలి – ఇవీ ఇవాళ మనం చెప్పుకోబోయే సంగతులు.

ఎంత పోతోంది?

ముందు లెక్క చూద్దాం. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక వెలువరించింది. 2022వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని అందులో అంచనా వేశారు. ఇదంతా పెద్ద పెద్ద హోటళ్ళు, విందుల పుణ్యమే అనుకుంటాం. కాదండీ. అందులో నూటికి 60 వంతులు ఇళ్ళలో పోయిందే. హోటళ్ళు, క్యాంటీన్ల వంటి వాటివల్ల 28 వంతులు, అంగళ్ళవల్ల 12 వంతులు. అదే ఏడాది ప్రపంచంలో 78 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారని కూడా ఆ నివేదికలోనే ఉంది.

మన దేశంలో ఒక్కో మనిషి వాటాకు ఏడాదికి సుమారు 55 కిలోలు ఇళ్ళలోనే వృథా అవుతోందట. అంటే నలుగురున్న ఇంట్లో ఏడాదికి 220 కిలోలు, రోజుకు సుమారు 600 గ్రాములు. ఇందులో తొక్కలు, టెంకలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి కనుక అంతా తినదగిన తిండే అనుకోనక్కరలేదు. సగమే తినదగినది అనుకున్నా, అది ఒక మనిషి పూట భోజనానికి ఇంచుమించు సరిపోతుంది.

మనలాటి మెట్ట ప్రాంతం వాళ్ళకు ఇంకో లెక్క కూడా ఉంది. కిలో బియ్యం పండాలంటే పొలానికి సుమారు 2,500 లీటర్ల నీళ్ళు కావాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. గుప్పెడు బియ్యం, అంటే 50 గ్రాములు, అన్నంగా వండి పారేశామంటే 125 లీటర్ల నీళ్ళు పారబోసినట్టే. 15 లీటర్ల బిందెలైతే ఎనిమిది బిందెలు! నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో పరుగెత్తిన వాళ్ళం, ఫ్లోరైడు నీళ్ళ బాధ ఎరిగిన వాళ్ళం, వెలిగొండ నీళ్ళకోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసిన వాళ్ళం. నీళ్ళ విలువ మనకు ఇంకొకళ్ళు చెప్పాలా? కుళాయి కట్టేయని పిల్లవాణ్ణి కసురుకుంటాం. ఎనిమిది బిందెల నీళ్ళు తాగి పెరిగిన అన్నాన్ని మాత్రం చెత్తబుట్టలో వేసి మూత పెట్టేస్తాం.

ఈ ఆప్‌ల కథ ఏమిటి?

ఆప్ అంటే ఫోనులో పెట్టుకునే చిన్న అంగడి లాటిది. దాన్ని తెరిస్తే సరుకులు, ధరలు కనిపిస్తాయి. కావలసింది ఎంచుకుని డబ్బు కడతాం. మన పిల్లలు భోజనం తెప్పించుకునేదీ, రైలు టిక్కెట్టు తీసేదీ అందులోనే. మిగిలిన ఆహారం అమ్మే ఆప్‌లు కూడా ఇలాటివే. తేడా అల్లా అక్కడ ఉన్నది తాజాగా చేయించుకునే పదార్థం కాదు, అప్పటికే తయారై ఉండి అమ్ముడుపోకుండా మిగిలినది.

వీటిలో బాగా పేరు పడింది టూ గుడ్ టు గో. 2015లో డెన్మార్కు దేశంలో మొదలైంది. అక్కడి హోటళ్ళలో కడుపు నిండా తినే బఫే భోజనాలు పెడతారు. అంగడి కట్టేసే వేళకు మిగిలినదంతా పారేయడం చూసి కొందరు యువకులకు ఈ ఆలోచన వచ్చింది. ఇప్పుడు ఐరోపాలో అనేక దేశాల్లోనూ, 2020 నుంచి అమెరికాలోనూ నడుస్తోంది. పద్ధతి చాలా సులువు. బేకరీ వాళ్ళు సాయంత్రం మిగిలిన రొట్టెలు, కేకులు ఒక సంచీలో పెడతారు. మామూలు ధరలో ఇంచుమించు మూడో వంతుకు ఇస్తారు. మనం ఫోనులో డబ్బు కట్టి, వాళ్ళు చెప్పిన గంటలోపల వెళ్ళి స్వయంగా తెచ్చుకోవాలి. సంచీలో ఏముందో ముందుగా తెలియదు. ఆ రోజు ఏది మిగిలితే అది.

అమెరికాలో, ఇంగ్లండులో చదువుకునే మన పిల్లలు ఇలాటివి వాడుకోవడం ఇప్పుడు మామూలు సంగతే. అద్దెకూ ఫీజుకూ పోగా చేతిలో మిగిలేది కొంచెం కనుక వాళ్ళకు ఇది నిజంగా ఆసరాయే. మీ పిల్లలు అక్కడ ఉంటే ఒక మాట మాత్రం చెప్పండి. ఏముందో తెలియని సంచీ కనుక, శాకాహారులైతే శాకాహారం అని గుర్తు ఉన్నదే ఎంచుకోవాలి. పైకి మామూలు రొట్టెలాగే కనిపించినా లోపల మాంసం ఉండవచ్చు.

ఇంగ్లండులోనే 2015లో ఓలియో అనే ఇంకో ఆప్ వచ్చింది. ఇది అమ్మకాల కోసం పుట్టింది కాదు, ఇరుగు పొరుగుకు ఇచ్చిపుచ్చుకోవడం కోసం. ఊరికి వెళ్ళబోతూ ఫ్రిజ్‌లో కూరలు మిగిలిపోయాయనుకోండి. ఫొటో తీసి పెడితే దగ్గరలో ఉన్నవాళ్ళు వచ్చి ఉచితంగా తీసుకుపోతారు. మన పెద్దవాళ్ళు గోడ మీదుగా గిన్నె అందించి చేసిన పనినే వాళ్ళు ఫోనులో చేస్తున్నారు!

ఫ్రాన్సు దేశం ఇంకా ముందుకు వెళ్ళి 2016లో ఏకంగా చట్టమే చేసింది. 400 చదరపు మీటర్లకు మించిన పెద్ద అంగళ్ళు అమ్ముడుపోని మంచి ఆహారాన్ని పాడుచేసి పారేయకూడదు, దానధర్మాలు చేసే సంస్థలతో ఒప్పందం చేసుకుని వాళ్ళకు ఇవ్వాలి.

మన దేశంలో

మన దగ్గర అందరికీ తెలిసిన ఉదాహరణ జొమాటోది. ఆప్‌లో భోజనం తెప్పించుకున్నవాళ్ళు అది దారిలో ఉండగానే వద్దనడం కద్దు. డబ్బు తిరిగి రాకపోయినా సరే వద్దనేవాళ్ళు ఉన్నారు. అలా నెలకు 4 లక్షలకు పైగా ఆర్డర్లు, తినడానికి చక్కగా పనికివచ్చే భోజనాలే, రద్దవుతున్నాయని ఆ సంస్థ వ్యవస్థాపకులు దీపీందర్ గోయల్ 2024 నవంబరులో చెప్పారు. అప్పుడే 'ఫుడ్ రెస్క్యూ' అని, అంటే ఆహారాన్ని కాపాడే పద్ధతి అని, ఒకటి ప్రవేశపెట్టారు.

ఆనాడు ప్రకటించిన పద్ధతి ఇదీ. ఆర్డరు రద్దు కాగానే, ఆ పొట్లం పట్టుకుని ఉన్న కుర్రవాడికి 3 కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ళ ఫోన్లలో అది కనిపిస్తుంది. ధర బాగా తగ్గించి ఉంటుంది. కొద్ది నిమిషాలు మాత్రమే ఉంటుంది, ఈలోగా ఎవరు ముందు తీసుకుంటే వాళ్ళది. పొట్లం విప్పరు, మార్చరు, హోటలు వాళ్ళు కట్టింది కట్టినట్టే వస్తుంది. ఐస్‌క్రీములు, షేకులు లాంటివి దూరానికీ వేడికీ ఆగవు కనుక వాటిని ఇందులో చేర్చలేదు. వద్దన్న మనిషే చౌకగా మళ్ళీ కొనుక్కునే ఎత్తు వేయకుండా, ఆయనకూ ఆయన చుట్టుపక్కల ఉన్నవాళ్ళకూ అది దొరకకుండా చేశారు. వచ్చిన డబ్బులో ప్రభుత్వ పన్నులు తప్ప సంస్థ ఏమీ ఉంచుకోదని, హోటలుకూ, ముందే డబ్బు కట్టిన మొదటి మనిషికీ పంచుతుందని చెప్పారు. మోసుకొచ్చిన కుర్రవాడికి మొదటి నుంచి చివరిదాకా తిరిగిన తిరుగుడంతటికీ కూలి ముడుతుంది.

ఈ పద్ధతి ఎక్కడ పని చేస్తుందో దాని నియమాల్లోనే ఉంది. మూడు కిలోమీటర్ల లోపల, నాలుగైదు నిమిషాల్లో, అదే వంటకం కావాలనుకునే ఇంకో మనిషి ఉండాలి. హైదరాబాదు, విజయవాడల్లో వీధికి పది హోటళ్ళు, ఇంటికి నాలుగు వాటాలు ఉంటాయి కనుక అక్కడ సులువు. మన ఊళ్ళలో హోటళ్ళూ తక్కువే, ఫోనులో తెప్పించుకునే ఇళ్ళూ తక్కువే. కనుక దీనివల్ల ఎక్కువ లాభం నగరాల్లో ఉద్యోగాలు, చదువులు చేసుకునే మన పిల్లలకే. మీ ఊళ్ళో ఆ సౌకర్యం ఉంటే ఆప్ తెరిచినప్పుడు అదే కనిపిస్తుంది. అయితే ఆప్ లేకపోయినా ఆ ఉపాయాన్ని మనం వాడుకోవచ్చు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఎవరో వద్దన్నది మనకెందుకు?

ఈ మాట ఎత్తగానే చాలామంది ఇల్లాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఎవరో వద్దన్న కూడు మనం కొనుక్కు తినడమేమిటండీ, ఎంగిలి కాదూ?” అని. ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. మన ఇళ్ళలో ఎంగిలికీ మడికీ ఉన్న పట్టింపు కొంత ఆచారమైనా, దాని వెనుక శుభ్రత కూడా ఉంది. ఒకరి నోట తగిలింది ఇంకొకరు తినకూడదనడం మంచి మాటే.

కాని మిగులు వేరు, ఎంగిలి వేరు. విస్తట్లో వడ్డించి, చేయి పెట్టి, సగం తిని వదిలేసింది ఎంగిలి. గుండిగలో గరిటె తప్ప మరొకటి తగలకుండా ఉన్నది మిగులు. కట్టిన పొట్లం కట్టినట్టే ఉన్నది మిగులు. మార్కాపురం చెన్నకేశవస్వామి గుళ్ళో పులిహోర ప్రసాదం ఇంటికి తెచ్చుకున్నామనుకోండి. ఎక్కువైతే పారబోస్తామా? నాలుగిళ్ళకు పంచుతాం. దాన్ని ఎవరూ ఎంగిలి అనరు. చేతులు మారినంత మాత్రాన అన్నానికి దోషం రాదు. నిలవ ఉన్న తీరులోనే దోషం వస్తుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న “ఎవరు వద్దన్నారు?” అని కాదు, “ఎప్పుడు వండారు, ఎలా ఉంచారు?” అని.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. “చౌకగా దొరికే ఆ తిండి లేనివాళ్ళకు పోవాలి గాని కొనగలిగిన మనం తీసుకోవడం న్యాయమా?” అని. ఇది మంచి మనసుతో అడిగే మాట. ఒక్క పొట్లం, ఒక్క బేకరీ సంచీ కోసం ఏ సేవా సంస్థా బండి కట్టుకుని రాలేదు. అలాటివి దగ్గర ఉన్నవాళ్ళు కొంటేనే చెత్తలో పడకుండా ఉంటాయి. నలభై యాభై మందికి సరిపడా మిగిలినప్పుడు మాత్రం అది కొనుక్కునే సరుకు కాదు, పంచిపెట్టవలసిన అన్నం. ఈ తేడా పాటిస్తే రెండు పనులూ జరుగుతాయి.

చౌక నిజంగా చౌకేనా?

సగం ధర అని కనిపించగానే చేయి ఆగదు. చీరల అంగడి దగ్గరే ఆగని చేయి ఫోను దగ్గర ఆగుతుందా? కాని ఒక్క లెక్క వేసుకోండి. ఉదాహరణకు 300 రూపాయల భోజనం 150కి వస్తోందనుకుందాం. చేరవేసే ఖర్చు, పన్నులు కలిసి 190 అయిందనుకోండి. మీరు ఆ పూట ఎలాగూ బయటి భోజనం తెప్పించాలనుకుని ఉంటే 110 రూపాయలు మిగిలినట్టు. కాని ఇంట్లో అన్నం, చారు, వంకాయ కూర సిద్ధంగా ఉండగా ఇది కొంటే 190 రూపాయలు ఖర్చయినట్టే. పైగా ఇంట్లో వండింది మిగిలి మర్నాడు చెత్తబుట్టకు పోతుంది. హోటలు వాళ్ళ చెత్తబుట్టలో పడవలసింది మన చెత్తబుట్టలో పడిందంతే. కాపాడింది ఏముంది?

అందుకని ఒక నియమం పెట్టుకోవచ్చు: వంట మొదలుపెట్టక ముందే చూడాలి, వంటయ్యాక ఆప్ తెరవకూడదు. అలాగే రొట్టె, మిఠాయి లాంటివి కొనేటప్పుడు “ఎంతకు వస్తోంది” అన్నదానికంటే ముందు “ఈ రెండు రోజుల్లో మా ఇంట్లో ఎంత తింటారు” అని చూసుకోవాలి. నలుగురున్న ఇంటికి ఆరు రొట్టె పొట్లాలు ఎంత చౌకగా వచ్చినా దండగే.

తేదీలు చదవడం

అంగళ్ళలోనూ, ఫోను మీద పది నిమిషాల్లో సరుకులు తెచ్చేవాళ్ళ దగ్గరా గడువు దగ్గర పడిన వస్తువులు తగ్గింపు ధరకు దొరుకుతుంటాయి. ఇక్కడ పొట్లం మీది తేదీ చదవడం రావాలి. ఇంగ్లీషులో 'ఎక్స్‌పైరీ' లేక 'యూజ్ బై' అని ఉంటే ఆ తేదీ దాటాక వాడకూడదు, అమ్మనూ కూడదు. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, వాసన, కరకర అన్నీ పూర్తిగా ఉంటాయని అర్థం. 2020 నాటి లేబుళ్ళ నిబంధనల ప్రకారం పొట్లం మీద ఎక్స్‌పైరీ తేదీ తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ తేదీ కూడా వేస్తే వేయవచ్చు. మిఠాయి అంగళ్ళలో విడిగా పళ్ళేల్లో పెట్టి అమ్మే మిఠాయిలకు కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ చూపాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం ఉంది. పాలతో చేసినవి కొనేటప్పుడు ఆ చీటీ ఎక్కడుందని అడగండి. అడిగేవాళ్ళుంటేనే చీటీలు పెడతారు.

ఫోను ద్వారా సరుకులు అమ్మేవాళ్ళు ఇంటికి చేర్చేనాటికి వస్తువు ఆయుష్షులో కనీసం 30 శాతమైనా, లేదా గడువుకు 45 రోజులైనా మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2024 నవంబరులో వాళ్ళకు చెప్పింది. కనుక ఫోనులో కొన్న సరుకు రాగానే సంచీ పక్కన పెట్టేయకుండా, ముందు తేదీ చూడండి. పొట్లం మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. తేడా ఉంటే వెంటనే ఫొటో తీసి ఫిర్యాదు చేయండి.

రెండు గంటల నియమం

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఇక మన వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండల సంగతి మీకు తెలిసిందే. అంత వేడిలో గంటే గడువు అనుకోవాలి.

అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి ఒక విషపదార్థాన్ని విడుస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి “ఒకసారి వేడి చేస్తే సరిపోతుంది” అన్న మాట అన్ని వేళలా చెల్లదు. వేడి చేయడం వల్ల ఆలస్యం అయిన తప్పు దిద్దుకోదు. మిగులుతుందని తెలియగానే వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. ఒకసారే, రెండోసారి కాదు.

“మరి చద్దన్నం తిని మన పెద్దలు బతకలేదా?” అంటారు. బతికారు. కాని వాళ్ళు అన్నాన్ని ఊరకే వదిలేయలేదు. మజ్జిగ, పెరుగు కలిపి పులియబెట్టారు. ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను కొంతవరకు అదుపులో ఉంచుతుంది. పైగా అది తమ చేత్తో, తమ ఇంట, ఫలానా వేళకు వండినదని వాళ్ళకు తెలుసు. బయటినుంచి వచ్చిన అన్నం ఎప్పుడు దించారో మనకు తెలియదు. అందుకని బయటినుంచి చౌకగా తెచ్చుకున్న వండిన పదార్థం ఆ పూటకే. రేపటికి దాచకండి. కొబ్బరి పచ్చడి, పెరుగుపచ్చడి, గుడ్డు, మాంసం, చేపలు ఆలస్యంగా వచ్చాయనిపిస్తే నిర్మొహమాటంగా వదిలేయండి. పసిపిల్లలకు, గర్భవతులకు, వృద్ధులకు ఇలాటివి పెట్టకపోవడమే మేలు. రొట్టెలు, బిస్కెట్లు, కారప్పూస లాంటి పొడి పదార్థాలు మాత్రం నిశ్చింతగా కొనవచ్చు. చౌక అనేది అక్కడే ఎక్కువ కలిసివస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. చౌక భోజనం పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరో పంపిన లింకు నొక్కి ఆప్ పెట్టుకోవద్దు. ఫోనులోని అసలు ఆప్ స్టోరు నుంచే తీసుకోండి. డబ్బు తిరిగి ఇస్తామని పిన్ నంబరు అడిగితే అది మోసమే. పిన్ కొట్టేది మన డబ్బు పంపడానికే గాని, మనకు రావడానికి కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. సరుకులో తేడా వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915.

ఆప్ లేని ఊళ్ళో

ఆ ఉపాయాన్ని మనమూ వాడుకోవచ్చునన్నాను కదా. ఈ ఆప్‌లన్నిటిలోనూ ఉన్నది మూడే మూడు ముక్కలు: ఎవరి దగ్గర ఏం మిగిలింది, ఎంతసేపు పనికి వస్తుంది, దగ్గరలో ఎవరికి కావాలి. ఈ మూడూ ఒకరికొకరు చెప్పుకోవడానికి వీధిలో పదిహేను ఇరవై ఇళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు చాలు. పుట్టినరోజుకు తెచ్చిన కేకు సగం మిగిలింది, తోటనుంచి వచ్చిన మామిడిపళ్ళు బుట్టెడు పండిపోయాయి, ఊరికి వెళుతున్నాం పాలు, కూరలు ఉన్నాయి – ఇలా ఒక్క ముక్క రాస్తే చాలు. వండినదైతే ఎప్పుడు వండారో గంటతో సహా రాయాలి. విస్తట్లో మిగిలింది కాక, గిన్నెలో మిగిలిందే ఇవ్వాలి. మనం తినలేమనుకున్నది ఇంకొకరికి ఇవ్వకూడదు. ఈ మూడు నియమాలు ఉంటే మొహమాటాలు, మాట పట్టింపులు రావు.

బజారులో కూడా అంతే. సాయంత్రం కూరగాయల మార్కెట్టు కట్టేసే వేళకు టమాటా, ఆకుకూరలు, వంకాయలు ధర తగ్గించి ఇచ్చేస్తారు. మర్నాటికి అవి వాడిపోతాయి కనుక వాళ్ళకూ అమ్ముడుపోవడమే కావాలి. నలుగురు ఇరుగు పొరుగు కలిసి ఒక బుట్ట మొత్తం తీసుకుని పంచుకుంటే అందరికీ కలిసివస్తుంది. మెత్తబడిన టమాటాలను ఆ రాత్రే పచ్చడికో, పులుసుకో వాడేయాలి. బేరం మాత్రం మరీ పీకకండి. పొద్దున్నించి ఎండలో కూర్చున్న అమ్మ దగ్గర సగం ధరను పావు చేయడం పొదుపు అనిపించుకోదు.

పెళ్ళి భోజనాలు

ఇక పెద్ద ఎత్తున పోయేది పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో. ఐదు వందల మందికి చెప్పి నాలుగు వందల మంది వస్తే, ఆ వంద విస్తళ్ళ అన్నం ఏమవుతుంది? ఇలాటి మిగులును తీసుకువెళ్ళి పంచే సంస్థలు వచ్చాయి. హైదరాబాదులో మల్లేశ్వరరావు అనే యువకుడు 2012లో 'డోంట్ వేస్ట్ ఫుడ్' మొదలుపెట్టారు. 2014లో ఢిల్లీలో పుట్టిన రాబిన్ హుడ్ ఆర్మీ, అదే ఏడాది కోయంబత్తూరులో మొదలైన నో ఫుడ్ వేస్ట్ కూడా ఇదే పని చేస్తున్నాయి. 2019లో హైదరాబాదు నగరపాలక సంస్థ, మిగిలిన ఆహారం పెట్టి కావలసినవాళ్ళు తీసుకోవడానికి వీధుల్లో ఫ్రిజ్‌లు పెట్టించింది. అదే సంవత్సరం మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది.

మన ఊళ్ళో శుభకార్యం చేసేవాళ్ళు మూడు పనులు చేయవచ్చు. ఒకటి, ఎంతమంది వస్తారో ముందు రెండు రోజులు ఫోన్లు చేసి కనుక్కుని వంటవాళ్ళకు చెప్పడం. రెండు, మిగిలితే ఎక్కడికి పంపాలో ముందే అనుకుని, దగ్గరలో ఉన్న హాస్టలుకో ఆశ్రమానికో ముందు రోజే చెప్పి ఉంచడం. అప్పటికప్పుడు రాత్రి పదకొండింటికి తలుపు తడితే వాళ్ళేం చేస్తారు పాపం? అప్పటికి పిల్లలు తినేసి పడుకుని ఉంటారు. మూడు, రెండో పంక్తి లేవగానే గుండిగల్లో మిగిలింది చూసి, వేడి ఉండగానే మూతలు పెట్టి పంపేయడం. చివరి చుట్టం వెళ్ళాక చూద్దాంలే అనుకుంటే అన్నం చెడుతుంది, చెడిన అన్నం పంపితే పుణ్యానికి పాపం ఎదురవుతుంది. మన గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారు ఏ వేళ వచ్చిన వాళ్ళకైనా అన్నం పెట్టి చిరస్మరణీయురాలయ్యారు. ఆవిడ పెట్టింది ఆదరంతో పెట్టిన అన్నం. మనం పంపే మిగులు కూడా అలాగే, మన ఇంటి చుట్టానికి వడ్డించగలిగినట్టు ఉండాలి.

చివరగా ఒక చిన్న ఉపాయం చెప్పి ముగిస్తాను. పలకలకు పేరుమోసిన ఊరు మన మార్కాపురం. పిల్లల చేతుల్లోంచి పలక పోయి నోటుబుక్కులు, ఫోన్లు వచ్చేశాయి. ఆ పలక ఒకటి తెచ్చి వంటింట్లో ఫ్రిజ్ పక్కన తగిలించండి. ఫ్రిజ్‌లో ఏముంది, ఏ రోజు పెట్టారు, ముందు ఏది వాడేయాలి – రోజూ రాత్రి మూడు ముక్కలు రాయండి. పొద్దున వంట మొదలుపెట్టే ముందు అది చదవండి. వాడేసింది తుడిచేయండి. నెల తిరిగేసరికి చెత్తబుట్టలోకి ఎంత తగ్గిందో, సరుకుల చీటీలో ఎంత తగ్గిందో మీకే తెలుస్తుంది.